బాలల మ్యూజియం

బాలల మ్యూజియం అనగా పిల్లల కోసం, వారి కుటుంబాల కోసం, పాఠశాలల కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన ప్రదర్శనశాల. సాధారణ మ్యూజియంలో ప్రథమ స్థానం వస్తువుది. దానిని సేకరించడం, భద్రపరచడం, పరిశోధించడం, ప్రదర్శించడం ఆ సంస్థ ముఖ్య విధులు. బాలల మ్యూజియంలో ప్రథమ స్థానం చూడవచ్చిన పిల్లలది. వస్తువులను తాకి, విప్పి, కదిపి, బొమ్మ గీసి, నటించి, ప్రశ్నించి తమంతట తాము తెలుసుకునే అవకాశం కల్పించడం ఇక్కడి ప్రధానోద్దేశ్యం. ప్రపంచంలో మొట్టమొదటి బాలల మ్యూజియం 1899 డిసెంబరు 16న అమెరికాలోని న్యూయార్క్ నగరానికి చెందిన బ్రూక్లిన్‌లో ప్రారంభమైనది.

ప్రత్యేకించి బాలల మ్యూజియం అనే పేరు లేకపోయినా, అనేక స్థానిక మ్యూజియంలు తమ సేకరణల ఆధారంగా పిల్లలకు సృజనాత్మక కార్యక్రమాలు నిర్వహిస్తున్నాయి. ఈ కృషిని మొత్తంగా మ్యూజియం విద్య అంటారు. పుస్తకాలు, ప్రయాణాలు, బొమ్మలు ఇంట్లో అందుబాటులో లేని పిల్లలకు ఈ విద్య వల్ల కలిగే ప్రయోజనం అధికమని పరిశోధనలో తేలింది. అయితే మ్యూజియంలు ఎక్కువగా నగరాలలో ఉన్నందున అటువంటి పిల్లలకే అవి దూరంగా ఉంటున్నాయి.

నేపథ్యం

19వ శతాబ్దంలో ఐరోపాలోను, అమెరికాలోను వెలసిన పెద్ద మ్యూజియంలు ప్రధానంగా పెద్దవారి కోసం ఉద్దేశించినవి. అద్దాల బీరువాలు పెద్దవారి కంటికి అందే ఎత్తులో ఉండేవి. జంతువుల, మొక్కల పేర్లు లాటిన్ భాషలో రాసి ఉండేవి. పిల్లలు వచ్చినా చేతులు కట్టుకొని నిశ్శబ్దంగా నడిచి వెళ్ళవలసినదే.

ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నాలు మొదట ఇంగ్లండులోని పారిశ్రామిక పట్టణాలలో జరిగాయి. లివర్‌పూల్ మ్యూజియం 1884లో వస్తువుల నమూనాలను పెట్టెలలో సర్ది పాఠశాలలకు అరువుగా పంపే పద్ధతిని ప్రవేశపెట్టింది. మాంచెస్టర్‌లో థామస్ హార్స్‌ఫాల్ అనే సంఘ సంస్కర్త 1886లో మిల్లు కార్మికులు నివసించే ఆంకోట్స్ ప్రాంతంలో ఒక కళా మ్యూజియంను నెలకొల్పాడు. పొగ గొట్టాల నడుమ పెరిగే పిల్లలకు చెట్లు, పక్షులు, అందమైన చిత్రాలు చూసే అవకాశం ఉండాలని ఆయన అభిప్రాయం. ఈ మ్యూజియం చిత్రపటాలను ప్రాథమిక పాఠశాలలకు అరువు ఇచ్చేది.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1904లో జరిగిన ప్రపంచ ప్రదర్శన ముగిసిన తరువాత, అక్కడి వస్తువులలో కొన్నింటితో 1905లో పాఠశాలల మ్యూజియం ఏర్పడింది. ఇక్కడి వస్తువులను గుర్రపు బండిలో పాఠశాలలకు చేరవేసేవారు. నేటి సంచార మ్యూజియం బస్సులకు ఇది పూర్వరూపమని చెప్పవచ్చును.

చరిత్ర

బ్రూక్లిన్ బాలల మ్యూజియం

బ్రూక్లిన్ కళా, విజ్ఞాన సంస్థలో లలితకళల క్యూరేటర్‌గా ఉన్న విలియం హెన్రీ గుడ్‌ఇయర్ మాంచెస్టర్‌లోని మ్యూజియంను చూసి, పిల్లలకు ప్రత్యేకమైన మ్యూజియం ఉండాలని తన సంస్థకు ప్రతిపాదించాడు. దాని ఫలితంగా బెడ్‌ఫర్డ్ పార్కులోని ఒక పాత నివాస భవనంలో 1899లో ఈ మ్యూజియం మొదలైంది. ఈ పార్కును తరువాత బ్రోవర్ పార్కు అని పేరు మార్చారు.

మ్యూజియంకు రూపం తెచ్చిన వ్యక్తి అన్నా బిల్లింగ్స్ గాలప్. జీవశాస్త్రం చదివిన ఈమె 1902లో మ్యూజియంలో చేరి 1937 వరకు సేవలందించింది. మ్యూజియం తమదేనన్న భావన పిల్లలలో కలగాలని ఆమె పట్టుబట్టింది. పిల్లలు రాళ్ళను, గవ్వలను, ఎండిన కీటకాలను చేతిలోకి తీసుకొని చూసేవారు. సజీవమైన చిన్న జంతువులను పెంచేవారు. ప్రకృతి పరిశీలన సంఘాలుగా ఏర్పడి తాము సేకరించిన నమూనాలను తెచ్చి పోల్చుకునేవారు. మ్యూజియంలో పిల్లలకు గ్రంథాలయం కూడా ఉండేది. వైర్‌లెస్ టెలిగ్రాఫ్ ఇంకా కొత్తగా ఉన్న రోజులలోనే ఇక్కడి బాలురు ఒక వైర్‌లెస్ కేంద్రాన్ని స్వయంగా నిర్మించుకున్నారు.

పాత భవనాలు శిథిలమవడంతో 1960లలో వాటిని ఖాళీ చేశారు. 1968లో బెడ్‌ఫర్డ్ అవెన్యూలో అంతకుముందు కార్ల విక్రయశాలగాను, బిలియర్డ్స్ ఆడే స్థలంగాను ఉన్న కట్టడంలో తాత్కాలిక మ్యూజియం నడిపారు. చుట్టుపక్కల నల్లజాతి కుటుంబాలు అధికంగా ఉన్న ఆ ప్రాంతంలో అది సంగీతం, నృత్యం, నాటకం నేర్పే కేంద్రంగా పనిచేసింది. పార్కులో కొత్త భవనం 1977లో ప్రారంభమైనది. ఇది చాలా భాగం నేల అడుగున ఉంటుంది. లోపలికి వెళ్ళే పెద్ద గొట్టపు దారి పక్కన నీటి కాలువ ప్రవహించేలా కట్టారు. పిల్లలు నడుస్తూనే ఆ నీటిని ఆపి, మళ్ళించి ఆడుకునేవారు. వాస్తుశిల్పి రఫాయెల్ విన్యోలి రూపకల్పనలో విస్తరించిన భవనం 2008లో తెరుచుకుంది. పసుపుపచ్చని పెంకులు తాపడం చేసిన ఈ భవనాన్ని భూగర్భ ఉష్ణాన్ని వినియోగించుకునేలా నిర్మించారు. ఈ మ్యూజియం సేకరణలో సుమారు 30,000 వస్తువులున్నాయి. ఆడుకునే స్థలంతో పాటు నిజమైన సేకరణ కూడా ఉండడం దీని ప్రత్యేకత.

స్మిత్సోనియన్ బాలల గది

వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శి శామ్యూల్ లాంగ్లీ 1901లో ఆ సంస్థ ప్రధాన భవనంలో ఒక బాలల గదిని ఏర్పాటు చేశాడు. ఇందులో బీరువాలను పిల్లల కంటి ఎత్తుకు దించారు. లాటిన్ పేర్లకు బదులు తేలిక మాటలలో వివరణలు రాయించారు. మార్పు చిన్నదే అయినా, ప్రదర్శనను ఎవరి కంటితో చూసి అమర్చాలి అన్న ప్రశ్నను ఒక జాతీయ మ్యూజియం తనకు తాను వేసుకుంది.

బోస్టన్ బాలల మ్యూజియం

బోస్టన్ బాలల మ్యూజియంను 1913లో విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు ప్రారంభించారు. పక్షులు, ఖనిజాలు, గవ్వలు వంటి బోధనా సామగ్రిని పాఠశాలలు కలిసి వాడుకోవాలన్నది వారి ఉద్దేశ్యం. 1962 నుండి 1985 వరకు దీనికి డైరెక్టరుగా పనిచేసిన మైకేల్ స్పాక్ కాలంలో ఈ మ్యూజియం ప్రపంచమంతటికీ నమూనాగా మారింది. ఈయన ప్రసిద్ధ శిశువైద్యుడు బెంజమిన్ స్పాక్ కుమారుడు. చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్‌లెక్సియా మైకేల్ స్పాక్‌కు ఉండేది. అక్షరాల ద్వారా కాక వస్తువుల ద్వారా కూడా నేర్చుకోవచ్చునన్న ఆయన నమ్మకానికి ఈ అనుభవం ఒక కారణం.

1964లో ఆయన ఏర్పాటు చేసిన "లోపల ఏముంది?" అనే ప్రదర్శనలో నిత్యం కనిపించే వస్తువులను అడ్డంగా కోసి వాటి లోపలి భాగాలను చూపించారు. అప్పటి వరకు మూసి ఉన్న అద్దాల బీరువాలను తొలగించి పిల్లలు చేతితో పరిశీలించే వీలు కల్పించారు. మ్యూజియం ఒక విషయం గురించి కాక ఒక మనిషి కోసం ఉండాలన్న స్పాక్ ఆలోచన తరువాతి తరం మ్యూజియం నిర్వాహకులను ఎంతో ప్రభావితం చేసింది.

1979లో మ్యూజియం ఓడరేవు ప్రాంతంలోని ఒక పాత ఉన్ని గోదాములోకి మారింది. బోస్టన్‌కు సోదర నగరమైన జపాన్‌లోని క్యోటో నగరం బహూకరించిన రెండంతస్తుల సంప్రదాయ గృహాన్ని ఈ భవనంలో తిరిగి నిలబెట్టారు. పిల్లలు చెప్పులు విప్పి ఇంట్లోకి వెళ్ళి, చాపలపై కూర్చొని మరొక దేశపు ఇంటి జీవితాన్ని తెలుసుకుంటారు.

ఇతర దేశాలలో

అమెరికాలో డెట్రాయిట్ (1917), ఇండియానాపోలిస్ (1925) నగరాలలో బాలల మ్యూజియంలు ఏర్పడ్డాయి. వీటిలో ఇండియానాపోలిస్ మ్యూజియం నేడు ప్రపంచంలోనే అతి పెద్ద బాలల మ్యూజియం. భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియంను స్థాపించాడు. సందర్శకులే ప్రయోగం చేసి చూసే విజ్ఞాన కేంద్రాలకు ఇది ఆదర్శమైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ట్రోపెన్ మ్యూజియం 1975లో పిల్లల విభాగాన్ని ప్రారంభించింది. వెనెజులా రాజధాని కరాకస్‌లో 1982లో, ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో 1992లో, మెక్సికో నగరంలో 1993లో, వియన్నాలో 1994లో, రోమ్‌లో 2001లో బాలల మ్యూజియంలు మొదలయ్యాయి.

ఒక చిన్న స్థానిక మ్యూజియం ఏమి చేయగలదో చెప్పడానికి లండన్ తూర్పు భాగంలోని జెఫ్రీ మ్యూజియం మంచి ఉదాహరణ. 1714లో కట్టిన ధర్మసత్రపు గదులలో, ఒక్కొక్క కాలపు ఇంటి సామానుతో అమర్చిన ఈ మ్యూజియం 1914లో ప్రారంభమైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలం నుండి 1969 వరకు ఇక్కడ పనిచేసిన మాలీ హారిసన్ చుట్టుపక్కల పేద కుటుంబాల పిల్లలను శనివారాలలోను, సెలవులలోను మ్యూజియంకు రప్పించేది. ఒక కుర్చీ బొమ్మ గీయడం, దానిని ఏ కలపతో చేశారో గుర్తించడం, ఆ గదిలో ఎవరు నివసించి ఉంటారో ఊహించి రాయడం వంటి పనులు వారికి ఇచ్చేది. ఈ సంస్థకు 2019లో ఇంటి మ్యూజియం అని అర్థం వచ్చే కొత్త పేరు పెట్టారు.

1952లో యునెస్కో మ్యూజియంల విద్యా పాత్రపై తొలి అంతర్జాతీయ సదస్సును బ్రూక్లిన్‌లో నిర్వహించింది. అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022లో ఆమోదించిన మ్యూజియం నిర్వచనంలో విద్య, అందరికీ ప్రవేశం, సమాజ భాగస్వామ్యం అనే అంశాలకు చోటు లభించింది.

విద్యా సిద్ధాంతాలు

బ్రూక్లిన్ మ్యూజియం తెరిచిన 1899లోనే అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ రచన "పాఠశాల, సమాజం" వెలువడినది. అందులో ఆయన ఊహించిన ఆదర్శ పాఠశాల పటంలో గ్రంథాలయం, మ్యూజియం మధ్యలో ఉంటాయి. వంటగది, వడ్రంగి పని, నేత పని, ప్రయోగశాల వాటి చుట్టూ ఉంటాయి. పని చేస్తూ పుట్టిన సందేహాలకు సమాధానం వెతుక్కునే చోటుగా ఆయన మ్యూజియంను భావించాడు.

1907లో రోమ్‌లో తన తొలి పాఠశాలను ప్రారంభించి, 1939లో మద్రాసుకు వచ్చిన మారియా మాంటిస్సోరి చేతి పని ద్వారా బుద్ధి వికసిస్తుందని ప్రతిపాదించింది. పిల్లలు జ్ఞానాన్ని బయటి నుండి స్వీకరించక, తమ అనుభవాల నుండి నిర్మించుకుంటారని స్విట్జర్లాండుకు చెందిన జీన్ పియాజే చెప్పాడు. ఈ మూడు ఆలోచనలే బాలల మ్యూజియంల పద్ధతులకు పునాది.

పద్ధతులు

తాకి చూడడం: సేకరణలో ఒకే రకం వస్తువులు అనేకం ఉన్నప్పుడు కొన్నింటిని పిల్లల చేతికి ఇవ్వడానికి కేటాయిస్తారు. అరుదైన వాటికి నకళ్ళు చేయిస్తారు. బరువు, నునుపు, చల్లదనం, వాసన వంటివి అద్దం వెనుక నుండి తెలియవు.

చూసి ప్రశ్నించడం: అమెరికాలో అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనావైన్ రూపొందించిన పద్ధతిలో మార్గదర్శి చిత్రం గురించి ఏమీ చెప్పరు. ఈ చిత్రంలో ఏమి జరుగుతున్నదో, అలా అనుకోవడానికి ఏ ఆధారం కనిపించిందో, ఇంకా ఏమి గమనించారో మాత్రమే అడుగుతారు. పిల్లలు ఒకరి మాట ఒకరు విని, తమ అభిప్రాయానికి ఆధారం చూపడం అలవాటు చేసుకుంటారు.

బొమ్మలు గీయడం, తయారు చేయడం: ఒక శిల్పాన్ని పది నిమిషాలు గీసిన పిల్లలు దానిని దాటి నడిచి వెళ్ళిన పెద్దవారికంటే ఎక్కువ వివరాలు గమనిస్తారు. చూసిన కుండను బంకమట్టితో చేయడం, చూసిన వస్త్రం రంగులతో అద్దకం వేయడం ఇటువంటివే.

నటన, కథ: ఒక కాలపు దుస్తులు వేసుకొని అప్పటి అంగడినో, బడినో నటించి చూపడం, వస్తువు తన కథ తానే చెప్పుకున్నట్లు రాయడం ఈ కోవకు చెందుతాయి.

పిల్లలే నిర్వాహకులు: ప్రదర్శనలో ఉంచవలసిన వస్తువులను పిల్లలే ఎంచి, వివరణలు రాసి, సందర్శకులకు చూపించే పద్ధతి ఇది. ఇంగ్లండులో ఏటా ఒక రోజు మ్యూజియం పనులను పిల్లలకు అప్పగించే కార్యక్రమం 2010 నుండి జరుగుతున్నది.

పాఠశాలలతో సంబంధం

పాఠశాల సందర్శన మూడు దశలలో సాగితే ఫలితం ఉంటుంది. వెళ్ళడానికి ముందు తరగతిలో ఒక ప్రశ్నతో సిద్ధం కావాలి. మ్యూజియంలో అన్ని గదులు తిరగడానికి బదులు కొద్ది వస్తువుల దగ్గర ఎక్కువ సేపు ఆగాలి. తిరిగి వచ్చిన తరువాత చూసినదానితో బొమ్మో, వ్యాసమో, నమూనానో తయారు చేయాలి.

మ్యూజియంకు రాలేని పాఠశాలలకు అరువు పెట్టెలు పంపుతారు. బోస్టన్ బాలల మ్యూజియం 1960లలో రూపొందించిన పెట్టెలు వీటిలో ప్రసిద్ధమైనవి. ప్రాచీన గ్రీకు ఇల్లు, జపాన్ కుటుంబం, నగరం, పక్షుల వర్గీకరణ వంటి ఒక్కొక్క అంశానికి ఒక పెట్టె ఉండేది. వస్తువులు, చిత్రాలు, ఉపాధ్యాయునికి సూచనలు అందులో ఉండేవి. కొన్ని వారాల పాటు తరగతి గదే చిన్న మ్యూజియం అయ్యేది.

పాఠశాల సందర్శనల ప్రభావంపై జరిగిన పెద్ద పరిశోధన అమెరికాలోని ఆర్కన్సా విశ్వవిద్యాలయానిది. 2011లో బెంటన్‌విల్ పట్టణంలో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే కళా మ్యూజియం తెరిచినప్పుడు, సందర్శనకు దరఖాస్తు చేసిన పాఠశాలలు ఉన్న అవకాశాలను మించిపోయాయి. అందువల్ల లాటరీ పద్ధతిలో ఎంపిక చేశారు. ముందుగా వెళ్ళిన వారిని, ఇంకా వెళ్ళని వారిని పోల్చే వీలు దీనివల్ల కలిగింది. 123 పాఠశాలలకు చెందిన సుమారు 11,000 మంది విద్యార్థులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒక్కసారి మ్యూజియం చూసివచ్చిన విద్యార్థులు కొత్త చిత్రాన్ని నిశితంగా విశ్లేషించడంలోను, గతకాలపు మనుషుల జీవితాన్ని ఊహించుకోవడంలోను, భిన్నాభిప్రాయాలను సహించడంలోను చూడని వారికంటే మెరుగ్గా ఉన్నారు. గ్రామీణ ప్రాంతాల పిల్లలలోను, పేద కుటుంబాల పిల్లలలోను ఈ మెరుగుదల మరింత ఎక్కువగా కనిపించింది.

కుటుంబాలతో సంబంధం

పిల్లలు మ్యూజియంకు ఎక్కువగా కుటుంబంతో కలిసి వస్తారు. అందువల్ల వారు నేర్చుకునేది తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మల మాటలపై ఆధారపడి ఉంటుంది. జాన్ ఫాల్క్, లిన్ డియర్కింగ్ అనే పరిశోధకులు 1992లో ప్రచురించిన గ్రంథంలో మ్యూజియం అనుభవాన్ని వ్యక్తి, తోటివారు, పరిసరం అనే మూడు అంశాల కలయికగా వివరించారు.

అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రాంతపు నాలుగు సంస్థలు 1990లలో కలిసి జరిపిన పరిశోధన కుటుంబాలకు అనువైన ప్రదర్శనకు ఏడు లక్షణాలు గుర్తించింది. అవి:

1. కుటుంబమంతా చుట్టూ చేరడానికి వీలుండడం
2. ఒకేసారి అనేకమంది చేతులు పెట్టగలగడం
3. పిల్లలకు, పెద్దలకు కూడా అందుబాటులో ఉండడం
4. ఒకే సమాధానంతో ముగియక చర్చకు దారితీయడం
5. వివిధ స్థాయిల వారికి వివిధ రీతులలో ఉపయోగపడడం
6. వివరణ చిన్న చిన్న భాగాలుగా సులభంగా చదవగలిగేలా ఉండడం
7. సందర్శకులకు ముందే తెలిసిన విషయంతో ముడిపడి ఉండడం

పిల్లల అల్లరి పట్ల మ్యూజియంల అసహనం కూడా చర్చకు వచ్చింది. లండన్‌లోని ఒక ప్రసిద్ధ కళా ప్రదర్శనశాలలో ప్రాచీన ఆజ్టెక్ శిల్పాన్ని చూసి రాక్షసుడని గట్టిగా అరిచిన రెండేళ్ళ బాలుని కుటుంబాన్ని బయటకు పంపించారు. ఆ బాలుని తల్లి, పాత్రికేయురాలు డియా బర్కెట్ ఈ సంగతిని పత్రికలో రాయగా అనేక కుటుంబాలు స్పందించాయి. దాని నుండి 2003లో పుట్టిన ఉద్యమం, కుటుంబాలు మ్యూజియంల నుండి కోరుకునే విషయాలతో ఒక ప్రణాళికను రూపొందించింది. పలకరింపు, కూర్చునే చోటు, మరుగుదొడ్లు, తక్కువ ధరకు ఆహారం, వద్దు అనే మాట తక్కువగా వాడడం వంటివి అందులో ఉన్నాయి. శిల్పాన్ని చూసి బాలుడు అరవడం నిజానికి ఆ శిల్పం పనిచేసిందనడానికి నిదర్శనమని ఈ ఉద్యమకారుల వాదన.

భారతదేశంలో

స్వాతంత్ర్యానంతరం జవహర్‌లాల్ నెహ్రూ చొరవతో 1956లో ఢిల్లీలో బాల భవన్ ఏర్పడింది. జాతీయ బాలల మ్యూజియం ఇందులో భాగం. గుజరాత్‌లోని అమ్రేలీలో 1950లలో స్థాపించిన గిరిధర్‌భాయ్ బాలల మ్యూజియం దేశంలోని తొలి బాలల మ్యూజియంలలో ఒకటి. ప్రముఖ వ్యంగ్య చిత్రకారుడు శంకర్ పిళ్ళై సేకరించిన బొమ్మలతో ఏర్పడిన అంతర్జాతీయ బొమ్మల మ్యూజియంను 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఢిల్లీలో ప్రారంభించాడు. హంగరీ రాయబారి ఇచ్చిన ఒక బొమ్మ ఈ సేకరణకు నాంది. కోల్‌కతాలో 1972లో ఏర్పడిన నెహ్రూ బాలల మ్యూజియంలో రామాయణ, మహాభారత కథలను బొమ్మల కొలువుగా చూపిస్తారు.

ఢిల్లీలోని జాతీయ మ్యూజియంకు 1960లో తొలి డైరెక్టరుగా వచ్చిన గ్రేస్ మార్లే అంతకుముందు శాన్‌ఫ్రాన్సిస్కో కళా మ్యూజియంను నడిపింది. సామాన్య ప్రేక్షకులకు అర్థమయ్యే ప్రదర్శన పద్ధతులను భారత మ్యూజియంలలో వ్యాప్తి చేయడానికి ఆమె కృషి చేసింది.

విజ్ఞాన రంగంలో కోల్‌కతాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం (1959) 1965లో సంచార ప్రదర్శనను ప్రారంభించింది. బస్సులో అమర్చిన ప్రయోగ పరికరాలు గ్రామీణ పాఠశాలలకు వెళ్ళేవి. 1978లో ఏర్పడిన జాతీయ విజ్ఞాన మ్యూజియంల మండలి ఈ పద్ధతిని దేశమంతటా విస్తరించింది. ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం 2015లో మ్యూజియం బస్సును, 2019లో బాలల మ్యూజియంను ప్రారంభించింది. ఈ బాలల మ్యూజియం ప్రదర్శనల రూపకల్పనలో పిల్లలు కూడా పాల్గొన్నారు.

చెన్నై సమీపంలో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్రలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను తిరిగి నిలబెట్టారు. వాటిలో నల్లగొండ ప్రాంతపు ఇక్కత్ నేతకారుల ఇల్లు, కోస్తా ఆంధ్ర చుట్టిల్లు ఉన్నాయి. పాఠశాలల నుండి వచ్చిన పిల్లలకు కుండలు చేయడం, నేత, బొమ్మల తయారీ వంటి చేతిపనులు నేర్పుతారు.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో

తెలుగు రాష్ట్రాలలో మ్యూజియం అనగానే గుర్తుకు వచ్చేది హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రారంభమైన ఈ మ్యూజియం 1968లో మూసీ నది ఒడ్డున కట్టిన ప్రస్తుత భవనంలోకి మారింది. ఇందులో ఆటబొమ్మలతో పిల్లల విభాగం ఉన్నది. అయినా పిల్లలను ఎక్కువగా ఆకర్షించేది సంగీత గడియారం. గంట గంటకు చిన్న మనిషి బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టే దృశ్యం కోసం కుటుంబాలన్నీ ఆవరణలో కూర్చొని ఎదురుచూస్తాయి. తాత నుండి మనవడి వరకు అందరూ ఒకే వస్తువును కలిసి చూడడం పైన చెప్పిన కుటుంబ ప్రదర్శన లక్షణాలకు చక్కని ఉదాహరణ.

హైదరాబాదులోని నౌబత్ పహాడ్‌పై ఉన్న బిర్లా నక్షత్రశాల 1985లో, విజ్ఞాన మ్యూజియం 1990లో ప్రారంభమయ్యాయి. ఇక్కడి డైనోసార్ విభాగంలో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే శాకాహార డైనోసార్ అస్థిపంజరం ఉన్నది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి గ్రామం వద్ద ఈ ఎముకలను తవ్వి తీసింది. 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి దీనికి ఈ పేరు పెట్టాడు. డైనోసార్ అనగానే విదేశీ సినిమాలు గుర్తుకు వచ్చే పిల్లలకు, తమ రాష్ట్రంలోని ఒక పల్లె పేరు జురాసిక్ యుగపు జంతువు పేరులో ఉన్నదని తెలియడం స్థానిక మ్యూజియం మాత్రమే ఇవ్వగల అనుభవం.

విశాఖపట్నం సముద్రతీరంలో 2002లో మ్యూజియంగా మారిన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిలో సందర్శకులు వస్తువు లోపలికే ప్రవేశిస్తారు. ఇరుకైన పడకలు, వంటగది, టార్పెడోలు చూస్తూ, నౌకాదళంలో పనిచేసి విరమించిన వారి నోట వివరాలు వింటారు. తిరుపతిలో 1993లో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఏర్పడింది. నాగార్జునకొండ ద్వీప మ్యూజియంకు పడవపై వెళ్ళవలసి ఉంటుంది. జలాశయం కింద మునిగిన లోయ నమూనాను అక్కడ చూడవచ్చును. విజయవాడలోని విక్టోరియా జూబిలీ మ్యూజియంను ఆధునీకరించి, చిత్రకారుడు బాపు పేరుతో 2020లో తిరిగి ప్రారంభించారు. పింగళి వెంకయ్య 1921లో గాంధీజీకి జెండా నమూనాను అందించినది ఈ ఆవరణలోనే.

కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలు, తోలుబొమ్మలాట, కలంకారీ వంటి కళలు ఈ ప్రాంతంలో సజీవంగా ఉన్నాయి. బొమ్మ చేసే చేతిని, బొమ్మను పక్కపక్కనే చూపగల అవకాశం ఇక్కడి చిన్న మ్యూజియంలకు ఉన్నది.

సమస్యలు, విమర్శలు

పరిరక్షణ: తాకిన వస్తువు అరుగుతుంది. చేతి చెమట లోహాన్ని, వస్త్రాన్ని, తాళపత్రాన్ని పాడు చేస్తుంది. తాకదగినవి, తాకరానివి వేరు చేయడం, తాకరాని వాటికి కారణం పిల్లలకు చెప్పడం ఈ సమస్యకు పరిష్కారమార్గం. కారణం తెలిసిన పిల్లలు వస్తువును కాపాడడం కూడా నేర్చుకుంటారు.

ఆటగా మిగిలిపోవడం: కొన్ని బాలల మ్యూజియంలలో నిజమైన వస్తువులు తగ్గి, మీటలు నొక్కే యంత్రాలు, తెరలు పెరిగాయని, అవి వినోద కేంద్రాలను పోలుతున్నాయని విమర్శకులు అంటారు. చేతితో ఏదో ఒకటి చేయించినంత మాత్రాన ఆలోచన పుట్టదన్నది వీరి వాదన.

భాష: ప్రాంతీయ భాషలో, పిల్లలకు తెలిసిన మాటలలో వివరణ లేనప్పుడు ప్రదర్శన మూగబోతుంది. పురావస్తు మ్యూజియంలలో శతాబ్దం, వంశం, లభించిన స్థలం మాత్రమే రాసి, ఆ వస్తువును ఎవరు, ఎందుకు వాడేవారో రాయకపోవడం తరచుగా కనిపించే లోపం.

అందుబాటు: ప్రవేశ రుసుము, ప్రయాణ ఖర్చు, ఒక రోజు కూలి పోవడం వంటివి పేద కుటుంబాలకు అడ్డంకులు. పాఠశాలలకు విహారయాత్ర ఏడాదికి ఒకసారి వస్తుంది. అందులోనూ మ్యూజియంకు గంటో, అరగంటో కేటాయించి పిల్లలను వరుసగా నడిపించి బయటకు తీసుకురావడం పరిపాటి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుండి 8 తరగతుల వారికి పది రోజుల పాటు పుస్తకాల సంచి లేని బడిని సూచించింది. స్థానిక మ్యూజియం, చేతివృత్తుల వారి పని స్థలం, పురాతన కట్టడం చూడడానికి ఈ రోజులు ఉపయోగపడతాయి. నగరానికి దూరంగా ఉన్న పాఠశాలలకు అరువు పెట్టెలు, సంచార బస్సులు నేటికీ తక్కువ ఖర్చుతో కూడిన మార్గాలు.

ఇవి కూడా చూడండి

* సాలార్‌జంగ్ మ్యూజియం
* బిర్లా విజ్ఞాన మ్యూజియం
* కోటసారస్
* నాగార్జునకొండ
* ఐఎన్ఎస్ కుర్సురా
* కొండపల్లి బొమ్మలు
* మారియా మాంటిస్సోరి